ఎడమ పక్క రాతలు

బెంగళూరు,
4 ఆగస్టు 2025

మామూజాన్‌కి షాహిస్తా సలాం.

ఉత్తరం చూసి ఎవరికేమయిందోనని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నేను గట్టిగా అరిస్తే హాస్టల్లో అందరూ తలుపులు తీసి చూస్తారు. నీ కొడుకు షాకిర్ ఫోనుకి పెడితే వాడు "సరేలే ఆపా" అని కొట్టి అంతటితో మర్చిపోతాడు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

నా పని గురించి అమ్మీ నీకు "బొమ్మ ఇమానాలకి రంగులేస్తది" అని చెప్పి ఉంటుంది. అంతకన్నా కొంచెం ఎక్కువే మామూ. నిజం విమానాన్ని ముప్పై రెండో వంతుకి తగ్గించి, జానెడు పొడవులో చేస్తాం. నా బల్ల మీదికి అది తెల్లగా వస్తుంది. రంగు కొట్టడం, ఆ పైన నంబర్లు, గీతలు, హెచ్చరికలు అంటించడం నా వంతు. వాటిని డెకాల్స్ అంటారు. పల్చటి పొర మీద అచ్చు వేసి ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కుంచెతో మెల్లగా జరిపి అంటించాలి. ఊపిరి గట్టిగా వదిలితే మడత పడిపోతాయి.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది ఏ విమానమో తెలుసా? 1986లో మన నరసరావుపేట చుట్టుపక్కల పత్తికి మందు కొట్టిన విమానం! దాన్ని నడిపిన నెహెమ్యా గారి కూతురు దీప్తి గారు చేయించుకుంటున్నారు. ముప్పాళ్ళ దగ్గర చేలో పడిపోయిందట కదా, ఆ రోజు పొద్దున అది ఎలా ఉందో అచ్చం అలాగే కావాలంటున్నారు. ఆమె దగ్గర ఎగరబోయే ముందు తీసిన ఫొటో ఒక్కటే ఉంది. అది కూడా ఎడమ పక్కది, మసకగా.

ఈ సంగతి అమ్మీకి చెబితే "మా అన్నే గదే దానికి అచ్చరాలు రాసింది" అంది. నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పావా! ఫొటో కాపీ పెడుతున్నాను. తోక వైపు, పక్క రేకు మీద చిన్న ఎర్ర సున్నా, దాని కింద ఏదో సన్నటి రాత ఉంది. అదేమిటో, సున్నా లోపల ఏముందో, ఎరుపు ఏ ఎరుపో రాయి. ఇది బాగా కుదిరితే పెద్ద బల్ల నాకే ఇస్తానన్నాడు మా సారు. త్వరగా రాయి.

నీ మేనకోడలు,
షాహిస్తా


నరసరావుపేట,
14 ఆగస్టు 2025

బేటీ షాహిస్తాకి మీ మామూ జాన్ సాహెబ్ దువాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు సరిగ్గా లేవు. మీ మామీకి మోకాళ్ళ నొప్పులు. షాకిర్ కొట్లో మిషన్ ఒకటే గీ అని కోస్తుంటుంది. నాకు వినపడదనుకుంటాడు గానీ బల్ల మీద చెయ్యి పెడితే నాకు తెలుస్తుంది. నంబర్ ప్లేటుకి రేడియం అతికించడం కూడా ఒక పనేనా అని అడిగితే మొహం పక్కకి తిప్పుకుంటాడు.

అక్షరాన్ని రాయాలి బేటీ, అతికించకూడదు. అతికించింది ఎప్పుడో ఒకనాడు ఊడుతుంది. అయినా మీ ఊళ్ళో మీ సార్లకి అదే పద్ధతి అయితే నేను చెప్పేదేముంది. ఒక్క మాట విను. మెరుపు లేని రంగు మీద పొర అంటిస్తే కింద గాలి చేరి తెల్లతెల్లగా కనిపిస్తుంది. ముందు నున్నగా వార్నీష్ కొట్టి, ఆరాక అంటించి, మళ్ళీ పైన కొట్టు.

విమానం సంగతి నాకు తెలియదు. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల, దానికేం గుర్తుంటుంది. నేను రాసినవి లారీలు, ట్రాక్టర్లు, కొట్ల బోర్డులు. ఫొటో తిరిగి పంపుతున్నాను.

వేళకి తిను.

జాన్ సాహెబ్


బెంగళూరు,
23 ఆగస్టు 2025

మామూకి,

సలాం. నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. రెండు రోజులాగి రాద్దామనుకున్నా, ఆ రెండు రోజులైనా తగ్గలేదు కాబట్టి రాసేస్తున్నాను.

అతికించడం పని కాదా? నిన్న నేను ఒక్క రెక్క మీద పద్నాలుగు ముక్కలు అంటించాను. ఒక్కొక్కటి బియ్యపుగింజలో సగం. మెత్తబరిచే మందు రాస్తే అది ముడతలు పడి, అరగంటకి తనంతట తనే సర్దుకుని రేకు అతుకుల్లోకి దిగుతుంది. ఆ అరగంటా ముట్టుకోకుండా కూచోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు? షాకిర్ మీద కోపం నా మీద చూపించకు.

వార్నీష్ సంగతి మాత్రం నిజం. నేను ముందు కొట్టనే లేదు. తెల్లమచ్చలు వచ్చాయి, మొత్తం గీకి మళ్ళీ చేశాను. అందుకు షుక్రియా.

ఇక అసలు సంగతి. మందు తొట్టి మీద బరువు రాసి ఉంది చూడు. ఆ ఐదు అంకెకి పొట్ట కింద చిన్న వంపు. ప్రపంచంలో ఆ ఐదు వేసేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన నా చేత మూడేళ్ళు పలక మీద అదే ఐదు దిద్దించాడు. ఫొటో మళ్ళీ పంపుతున్నాను, మళ్ళీ తిప్పి పంపకు. నువ్వే రాశావు. ఎందుకు కాదంటున్నావు? విమానం మీద నీ రాత ఉందంటే మేమంతా గొప్పగా చెప్పుకోమా? నేను చేసే పని నీకు చిన్నతనంగా ఉంటే అది వేరే మాట, సూటిగా చెప్పు.

ఎర్ర సున్నాలో ఏముంది? కింద ఏం రాశావు? ఈ రెండే అడుగుతున్నాను.

షాహిస్తా


నరసరావుపేట,
1 సెప్టెంబరు 2025

షాహిస్తాకి,

ఆ దీప్తి అనే అమ్మాయి నిన్ను ఏం అడగమంది? నన్ను కనుక్కోమని తనే పంపిందా? మా పేరు, ఊరు ఆమెకి చెప్పావా? చెప్పి ఉంటే ఇక చెప్పకు. నలభై ఏళ్ళ కిందటి ఫొటోలు ఇప్పుడు పట్టుకుని తిరగాల్సిన అవసరం ఆమెకి ఏమొచ్చిందో నాకు అర్థం కావడం లేదు.

సరే, రాశాను. రాయలేదంటే నువ్వు వదిలేలా లేవు. రేకు పసుపు. లారీ పసుపు కాదు, కొంచెం పాలు కలిపిన పసుపు. అక్షరాలు నలుపు. ఎరుపు సింధూరం కాదు, ఎండు మిరపకాయ తొక్క ఎరుపు. సున్నాలో ఏమీ లేదు, కింద కూడా ఏమీ లేదు. ఉత్త సున్నా. అలాగే వెయ్యి.

ఆ పైలట్ బతికే ఉన్నాడా?

నీ పని నాకు చిన్నతనం కాదు. ఆ మాట మళ్ళీ రాయకు.

జాన్ సాహెబ్


బెంగళూరు,
27 సెప్టెంబరు 2025

మామూ,

ఈసారి సలాం కూడా రాయబుద్ధి కావడం లేదు, అయినా సలాం.

నీ మాట నమ్మాను. ఉత్త సున్నా వేశాను. పైన వార్నీష్ కూడా కొట్టి, సారుకి చూపించి, దీప్తి గారిని పిలిచాను. ఆమె ఆ ఫొటో అసలు నెగటివ్ వెతికి, పెద్దది చేయించి తెచ్చారు. సున్నా కింద రెండు వరుసలు ఇంగ్లీషు రాత స్పష్టంగా ఉంది. "ఈ రంధ్రం మూయరాదు, శుభ్రంగా ఉంచాలి" అని! సారు ఆమె ముందు ఏమీ అనలేదు, ఆమె వెళ్ళాక మొహం వాచేలా చీవాట్లు పెట్టాడు. "మీ అంకుల్ చూసి చెప్పాడన్నావే" అని నలుగురిలో అడిగాడు. అంటించిన పక్క మొత్తం గీకేశాను. పొరతోపాటు పసుపు కూడా లేచి వచ్చింది. మూడు వారాల పని మామూ!

నువ్వు నాకు ఎందుకు అబద్ధం చెప్పావు?

చిన్నప్పుడు నన్ను ఏడిపించావే, గుర్తుందా? ప్రతి బోర్డూ గట్టిగా చదివి, అర్థం చెప్పి, అప్పుడే కుంచె ముంచాలి. అర్థం తెలియదంటే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాడివి. నీ కొడుకుని ఏనాడూ కొట్టలేదు, నీ కూతురు మిస్బాని కొట్టలేదు, నన్నే. ఇంగ్లీషు ట్యూషన్‌కి పంపడానికి అబ్బాతో పోట్లాడావు. చదవనిది రాయకూడదన్న మనిషి రాసిందేమిటో తనకే గుర్తులేదంటే నేను నమ్మను.

ఇంకో తిరకాసు కూడా ఉంది. రంధ్రం మూయరాదని రాత ఉంది గానీ పెద్ద ఫొటోలో రంధ్రమే లేదు. సున్నా లోపల నున్నటి పసుపు రేకు. దీప్తి గారు భూతద్దం పెట్టి చూసి "ఇది ఉన్నట్టా, లేనట్టా షాహిస్తా?" అని అడిగారు. నేను ఏం చెప్పను?

ఆయన బతికి ఉన్నాడా అని అడిగావు. లేరు. పోయిన నవంబరులో పోయారు. ఆ ప్రమాదంలో కాలు విరిగి మళ్ళీ విమానం ఎక్కలేదట. గుంటూరులో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ బతికారు. వచ్చే నవంబరు పదహారున అక్కడి చర్చిలో మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక. ఈ మోడల్ అక్కడ పెట్టాలి. నిన్ను కనుక్కోమని నన్ను ఆమె పంపలేదు, నీ పేరు కూడా ఆమెకి తెలియదు. ఎందుకలా అనుకున్నావో అదీ నాకు అర్థం కాలేదు.

షాహిస్తా


నరసరావుపేట,
6 అక్టోబరు 2025

బేటీ షాహిస్తాకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మీ మామీ అన్నం పెట్టి పిలిస్తే వినపడనట్టు కూచున్నాను. ఈ చెవిటితనం ఒక్కోసారి పనికొస్తుంది. ఈ కాగితం నువ్వొక్కదానివే చదువు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. ఉస్తాద్ దగ్గర నుంచి బయటికొచ్చి సొంతంగా డబ్బాలు కొనుక్కుని ఏడాది. పత్తికి తెల్లదోమ పట్టింది. వినుకొండ రోడ్డులో ఒక చేను చదును చేసి అక్కడ విమానం దించారు. ఊరంతా తిరునాళ్ళకి పోయినట్టు పోయి చూసేవాళ్ళు. మందు పడి పడి దాని రేకు మీద రంగు తినేసింది. నంబరు కనిపించకపోతే ఎగరనివ్వరట. పెయింటర్ ఎవరున్నారని అడిగితే జనం నన్ను ముందుకు నెట్టారు. నెహెమ్యా గారు వచ్చి నా చేతులు చూసి, "ఏమయ్యా, ఉన్నది ఉన్నట్టు దించుతావా?" అన్నాడు. "గీత తేడా వస్తే కుంచె ఇరగ్గొట్టండి సార్" అన్నాను. ఆ వయసులో నోటికి అడ్డు ఉండదు.

నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క రాదు. ఇది మీ ఎవరికీ తెలియదు. లారీల మీద ఎన్ని ఇంగ్లీషు మాటలు రాశానో, అన్నీ బొమ్మలే నాకు. పాత అక్షరాల మీద పల్చటి కాగితం పెట్టి గీసుకుని, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, ఆ కాగితాన్ని కొత్త రంగు మీద పెట్టి సుద్దపొడి మూట కొడితే చుక్కలు దిగుతాయి. చుక్కలు కలుపుకుంటూ పోవడమే. చదవాల్సిన పనేముంది?

లారీ పని ఎలా మొదలవుతుందో నీకు తెలుసు. ముందు రేకంతా చేత్తో తడిమి, ఎక్కడ గుంట ఉన్నా, మేకు ఊడిన బెజ్జం ఉన్నా లప్పం పెట్టి నున్నగా రుద్దాలి. రేకు మీద చెయ్యి జారాలి. ఉస్తాద్ నేర్పిన మొదటి పని అది. ఆ సున్నాలో సన్నటి బెజ్జం ఉంది బేటీ. నేను మేకు ఊడిందనుకున్నాను. లప్పం పెట్టాను. చక్కగా రుద్దాను. పసుపు కొట్టాను. దాని చుట్టూ ఎర్ర సున్నా తిప్పి, "మూయరాదు" అని కింద నా చేత్తో నేనే రాశాను. ఎంత బాగా కుదిరిందో అని వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున విమానం లేచింది. అరగంట తిరక్కుండా ముప్పాళ్ళ దగ్గర పడిందన్నారు. సైకిల్ తొక్కుకుంటూ పోయాను. సారును అప్పటికే జీపులో తీసుకుపోయారు. పత్తిలో రక్తం. వాళ్ళ మెకానిక్ విమానం చుట్టూ తిరుగుతూ నా సున్నా దగ్గర ఆగాడు. గోరుతో గీకాడు. "ఈ బొక్క మూసిందెవుడ్రా! దీన్ని మూస్తే మీటర్లు ఎట్టా పనిచేస్తయ్?" అన్నాడు. నేను జనంలో ఉన్నాను. నేనేనని చెప్పకుండా సైకిలెక్కాను. అట్నుంచి అటే వెల్దుర్తి పోయి మా ఖాలా ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. ఎవరూ నన్ను వెతుక్కుంటూ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

తరవాత ఆ బెజ్జాల కాగితం మీది రెండు వరుసలూ ఒక టీచరుతో చదివించుకున్నాను. మూయరాదని ఉందని అప్పుడు తెలిసింది. షాకిర్‌కి అక్షరం మీద ధ్యాస లేదు, మిస్బాకి లేదు. కుంచె పట్టింది నువ్వొక్కదానివే. అందుకే నిన్ను కొట్టాను.

ఆయన గుంటూరులో ఉన్నాడని నాకు తెలియదు. వెతికితే దొరికేవాడు. నేను వెతకలేదు.

జాన్ సాహెబ్


బెంగళూరు,
13 అక్టోబరు 2025

మామూజాన్‌కి,

సలాం. నీ ఉత్తరం అందింది. నేను ఒక్కదాన్నే చదివాను. ఇప్పుడు దాని గురించి ఏమీ రాయను.

ఒక్కటి అడుగుతాను. ఎందుకని అడక్కు. నన్ను సంతోషపెట్టడానికి గానీ, నిన్ను నువ్వు తిట్టుకోవడానికి గానీ రాయకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. విమానం కుడి పక్క కూడా నువ్వే రాశావా? అటు వైపు లప్పం పెట్టావా, లేదా?

ఒక్క ముక్క రాస్తే చాలు. వెంటనే పోస్టు చెయ్యి.

షాహిస్తా


నరసరావుపేట,
18 అక్టోబరు 2025

షాహిస్తాకి,

ఎందుకని అడక్కూడదా? నా కడుపులో ఉన్నదంతా కాగితం మీద పెట్టి పంపితే పోలీసుల్లాగా ప్రశ్న వేస్తావా? నీ సారుకి లెక్క చెప్పాలా, లేక ఆ అమ్మాయికా? ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. మీ మామీ చూసి, "ఏందయ్యా, బిడ్డ ఏదో అడిగింది గదా, చెప్పు" అని కాగితం ముందు పెట్టింది. ఆమెకి సంగతి తెలియదు.

కుడి పక్క రాయలేదు. ఎడమ పక్క అయ్యేసరికి పొద్దు వాలింది. ఆ వెలుతురులో రాయనన్నాను. నెహెమ్యా సారు గాలి తిరగక ముందే పొద్దున విమానం లేవాలన్నాడు. "ఒక పక్కన నంబరు కనపడతంది గదా, చాల్లే, రెండోది రేపొచ్చి రాయి" అన్నాడు. కుడి పక్క మందు తినేసిన రేకు ఎలా ఉందో అలాగే ఉంది. నేను దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

చాలా?

జాన్ సాహెబ్


బెంగళూరు,
24 అక్టోబరు 2025

మామూజాన్,

కోప్పడకు. కారణం ముందే రాస్తే నువ్వు జవాబు కాస్త అటో ఇటో చేస్తావేమోనని రాయలేదు. నీ ముందటి అబద్ధం వల్ల నాకు ఆ భయం వచ్చింది, తప్పు నీదే.

నీ ఉత్తరం చదివిన రోజే నేను ఆ విమానం ప్లాన్ కాగితాలు తీశాను. కుడి పక్క మాకు ఫొటో లేదు కాబట్టి అటు ఏమేం ఉంటాయో వాటిలోనే చూసుకోవాలి. అటు కూడా సరిగ్గా అదే చోట అదే బెజ్జం ఉంది మామూ. రెండు బెజ్జాలనీ లోపల ఒకే గొట్టం కలుపుతుంది. నాకు అర్థం కాక, మా దగ్గరికి వచ్చే కృపావరం గారిని అడిగాను. ఆయన విమానాల మరమ్మతులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఎవరి సంగతో చెప్పలేదు. ఆయన ఏమన్నాడంటే, "ఒకటి మూసుకుపోతే రెండోది పనిచేస్తుందమ్మా, రెండు పెట్టేది అందుకే. మీటరు కొంచెం తేడా చూపిస్తే చూపించొచ్చు. అయినా పత్తి మీద పది అడుగుల ఎత్తులో పోయేవాడు మీటరు చూడడు, బయటికి చూస్తాడు."

కుడి బెజ్జం తెరిచి ఉంది. నీ లప్పం వల్ల ఆ విమానం పడలేదు. ఎందుకు పడిందో నాకు తెలియదు, దీప్తి గారికీ తెలియదు, ఆయన ఇంట్లో ఆ మాటే ఎత్తేవారు కాదట. కానీ దీనివల్ల కాదు.

నాకు ఎంత కోపంగా ఉందో తెలుసా? నరసరావుపేట నుంచి గుంటూరు బస్సులో గంటన్నర. పోయిన ఏడాది దాకా ఆయన అక్కడే కూచుని ఉన్నారు. ఒక్కసారి వెళ్ళి అడిగి ఉంటే ఈ మాట నలభై ఏళ్ళ కిందటే తెలిసేది. నా వేళ్ళు కూడా బాగుండేవి.

దీప్తి గారికి నేను చెప్పనా? "మా మామూ తప్పేమీ లేదు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నువ్వు రానక్కర్లేదు. మోడల్ మీద సున్నాలో చిన్న నల్లచుక్క పెట్టేసి బెజ్జం ఉందనిపిస్తాను, ఎవరూ అడగరు. కుడి పక్క మాత్రం మందు తిన్న రేకులా చెయ్యాలి. ఆ చెరిగిన రంగు ఎలా ఉంటుందో కాస్త రాయి.

నీ
షాహిస్తా


నరసరావుపేట,
31 అక్టోబరు 2025

బేటీ షాహిస్తాకి మామూ దువాలు.

నీ ఉత్తరం మొదటిసారి చదివి నాకు సంతోషం రాలేదు. కోపం వచ్చింది. అటు పక్క ఇంకో బెజ్జం ఉందని ఆ మెకానిక్‌కి తెలియదా? తెలిసి ఎందుకు అనలేదు? ఆ మాట ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. కొట్లోకి పోయి షాకిర్ బల్ల మీద ఉన్న డబ్బా తీసి గోడకి కొట్టాను. వాడు మిషన్ ఆపి నన్ను కూచోబెట్టాడు. "ఏంది నాన్నా, ఏమైంది?" అని వాడి పెదవులు కదలడం చూశాను. వాడికి మొత్తం చెప్పాను. వాడు సాయంత్రం దాకా మిషన్ వెయ్యలేదు.

తరవాత కూచుని ఆలోచించాను. విమానం నా వల్ల పడలేదు, సరే. కానీ పత్తిచేలో నిలబడి ఆ మాట విన్నప్పుడు అది నాకు తెలియదు. నా వల్లే పడిందనుకున్నాను. అనుకుని పారిపోయాను. ఆసుపత్రికి పోయి ఆ మనిషి మొహం చూడలేదు. రేపొచ్చి రాయమన్నాడు, రేపు నేను వెల్దుర్తిలో ఉన్నాను. ఇది ఏ గొట్టం కలిపినా మారదు.

కుడి పక్క రంగు చెబుతాను, రాసుకో. మందు కారిన చోట పసుపు సుద్దలా పొడిపొడిగా లేస్తుంది. తొట్టి మూత కింద నుంచి తోక దాకా చారలు ఉంటాయి. నంబరులో మొదటి రెండు అక్షరాల పైభాగమే మిగిలింది. రేకు కనిపించే చోట తెల్లగా కాదు, బూడిదగా వెయ్యి. పొర అంటించి, ఆరాక సన్నటి గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే వస్తుంది. బెజ్జం తెరిచి ఉంచు.

ఎడమ పక్క చుక్క పెట్టొద్దు. ఆ రోజు ఎలా ఉందో అలాగే కావాలని ఆమె అడిగింది కదా, ఆ రోజు అది మూసి ఉంది. మూసే ఉంచు. నున్నగా ఉండాలి, చెయ్యి జారాలి. కింద రెండు వరుసలూ అంటించు. ఆమె చూసి ఇదేమిటని అడుగుతుంది. అడగనీ.

పదహారో తారీకు ఆదివారం పొద్దున బస్సుకి గుంటూరు వస్తున్నాను. చర్చి ఎక్కడో రాసి పంపు. నువ్వు నా తప్పేమీ లేదని ముందుగా ఆమెకి చెప్పడానికి వీల్లేదు. బెజ్జం మూసింది నేనేనని, మూసి పారిపోయింది నేనేనని మొదట నేను చెబుతాను. నేను పూర్తిగా చెప్పి ఆపాక నీ రెండో బెజ్జం సంగతి చెప్పు.

ఆమె ఏమంటుందో నాకు వినపడదు. నువ్వు పక్కన కూచుని ఆమె అన్న ప్రతి మాటా కాగితం మీద రాసి నాకు చూపించు. తిడితే తిట్టినట్టే రాయి. నా కోసం ఒక్క మాట కూడా తగ్గించకు.

మీ మామూ,
జాన్ సాహెబ్